పదిహేనేళ్ల గడువు



మన దేశంలో ఏటా సుమారు 1,27,000 మంది ఆడవాళ్లకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కొత్తగా బయటపడుతోందనీ, దాదాపు 80 వేల మంది దానితో చనిపోతున్నారనీ 2022 నాటి అంతర్జాతీయ అంచనాలు చెబుతున్నాయి. స్త్రీలకు వచ్చే క్యాన్సర్లలో ఇక్కడ రొమ్ము క్యాన్సర్ తర్వాతి స్థానం దీనిదే. అదే ఏడాది ప్రపంచం మొత్తం మీద ఈ జబ్బుతో పోయినవారు మూడున్నర లక్షల మంది. అంటే ప్రతి ఐదుగురిలో ఒకరికి పైగా మన దేశపు స్త్రీలే. క్యాన్సర్ అన్న మాట వినగానే ‘రాసిపెట్టి ఉంది, ఎవరేం చేస్తారు’ అనడం మనకు అలవాటు. మెదడులోనో క్లోమంలోనో పుట్టే క్యాన్సర్ల విషయంలో ఆ నిస్సహాయతకు కొంత అర్థముంది. అవి ఎందుకు వస్తాయో, ఎప్పుడు మొదలవుతాయో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. ఈ క్యాన్సర్ సంగతి వేరు. దీని కారణం తెలుసు, పుట్టే చోటు తెలుసు, ముదరడానికి పట్టే కాలమూ తెలుసు. చాలామందిలో అది పదిహేను నుంచి ఇరవై ఏళ్లు. ఇంత గడువు ఇచ్చే జబ్బుకు ఇంతమంది బలవుతున్నారంటే, లోపం ఆ గడువును మనం వాడుకునే తీరులోనే ఉందన్నది నా వాదన. ముప్పై దాటిన ప్రతి స్త్రీకీ జీవితంలో కనీసం ఒకసారి, వీలైతే రెండుసార్లు సరైన పరీక్ష అందితే ఈ లెక్క చాలావరకు మారుతుంది. ఆ మాటకు ఆధారాలేమిటో, ఎదురయ్యే అభ్యంతరాలకు జవాబులేమిటో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు కారణం. 1842లో ఇటలీలోని వెరోనాలో రిగోని స్టెర్న్ అనే వైద్యుడు ఆ ఊరి మరణాల చిట్టాలు తిరగేసి, గర్భాశయ క్యాన్సర్ పెళ్లయిన స్త్రీలలో ఎక్కువగా, మఠాల్లో ఉండే సన్యాసినుల్లో అరుదుగా కనిపిస్తోందని గమనించాడు. దాంపత్యంతో ముడిపడిన కారణమేదో ఉందన్న అనుమానానికి అది ఆధారమైంది. ఆ కారణం ఏమిటో తేలడానికి మాత్రం మరో 140 ఏళ్లు పట్టింది. 1983, 84 సంవత్సరాల్లో జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ త్సూర్ హౌజెన్ బృందం ఈ కణితుల్లో హ్యూమన్ పాపిలోమా వైరస్‌లోని 16, 18 రకాలను గుర్తించింది. ఆ కృషికి ఆయనకు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. హెచ్‌పీవీ అని పొట్టిగా పిలిచే ఈ వైరస్‌లో రెండు వందలకు పైగా రకాలున్నాయి. చేతుల మీద పులిపిర్లు తెచ్చేవి కొన్నయితే, క్యాన్సర్‌కు దారితీయగలవి పద్నాలుగు దాకా ఉన్నాయి. ప్రపంచంలో ముఖద్వార క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి 16, 18 రకాలే కారణం. మన దేశంలో ఆ వాటా ఇంకా ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో జరిగి 2005లో ప్రచురితమైన ఒక చిన్న అధ్యయనంలో, పరీక్షించిన కణితుల్లో మూడింట రెండు వంతుల్లో 16వ రకం, అయిదో వంతులో 18వ రకం కనిపించాయి. ఈ వైరస్ అరుదైనదేమీ కాదు. కాపురం చేసే స్త్రీ పురుషుల్లో అత్యధికులకు ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది. నూటికి తొంభై మందిలో ఒకటి రెండేళ్లలో ఒంటి శక్తే దాన్ని తుడిచిపెట్టేస్తుంది. మిగిలిన కొద్దిమందిలో అది ఏళ్ల తరబడి తిష్ఠ వేస్తుంది. క్యాన్సర్ ముప్పు ఉన్నది వాళ్లకే. అందువల్ల మన పని ఆ కొద్దిమందిని వెతికి పట్టుకోవడం.

ఇక చోటు. గర్భసంచి కింది కొసను ముఖద్వారం అంటాం. దాని బయటి వైపు, యోనిలోకి కనిపించే భాగం, పొరలు పొరలుగా పేరుకున్న బల్లపరుపు కణాలతో కప్పి ఉంటుంది. లోపలి సన్నని దారికి జిగురు స్రవించే గ్రంథి కణాల పూత ఒకే వరుసలో ఉంటుంది. ఈ రెండూ కలిసే సరిహద్దు స్థిరంగా ఉండదు. ఆడపిల్ల ఈడేరినప్పుడూ కడుపుతో ఉన్నప్పుడూ బయటికి జరుగుతుంది. ముట్లు ఆగిపోయాక లోపలికి వెళ్లిపోతుంది. బయటికి వచ్చిన సున్నితమైన గ్రంథి కణాలు అక్కడి ఆమ్లానికి తట్టుకోవడానికి మెల్లగా బల్లపరుపు కణాలుగా మారుతుంటాయి. అలా మారుతున్న కణాల్లోనే వైరస్‌కు చోటు దొరుకుతుంది. లేత వయసులో పెళ్లి, వెంటవెంటనే కాన్పులు ఎందుకు ముప్పు పెంచుతాయో ఈ ఒక్క సంగతి వల్ల చాలావరకు అర్థమవుతుంది. మారే కణాలు ఎక్కువగా ఉన్న వయసులోనే వైరస్ వచ్చి పడుతుంది కనుక. పొగాకు, హెచ్‌ఐవీ ఆ ముప్పును ఇంకా పెంచుతాయి. హెచ్‌ఐవీ ఉన్న స్త్రీకి ఈ క్యాన్సర్ వచ్చే అవకాశం ఆరు రెట్లు ఎక్కువ. అలాంటి వారిలో పదిహేనేళ్ల గడువు అయిదు నుంచి పదేళ్లకు కుదించుకుపోతుంది కూడా.

ఆ సరిహద్దుకు ఏ పక్కన కణం చెడిందన్నదాన్ని బట్టి క్యాన్సర్ రకం ఉంటుంది. బల్లపరుపు కణాల నుంచి పుట్టేది స్క్వామస్ సెల్ కార్సినోమా. మన దేశంలో పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి వచ్చేది ఇదే. గ్రంథి కణాల నుంచి పుట్టేది అడినోకార్సినోమా. మిగతావారిలో చాలామందిది ఈ రకం. రెండు లక్షణాలూ కలిసిన అడినోస్క్వామస్ రకమూ ఉంది, చాలా వేగంగా పాకే చిన్న కణాల న్యూరోఎండోక్రైన్ రకమూ ఉంది. చివరిది మరీ అరుదు. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వీటిని హెచ్‌పీవీతో సంబంధం ఉన్నవి, లేనివి అని మళ్లీ విడదీసింది. వైరస్‌తో పనిలేకుండా వచ్చేవి స్క్వామస్‌లో బహు తక్కువ, అడినోలో కాస్త ఎక్కువ. వైద్యులకే పనికొచ్చే వర్గీకరణ కదా అనిపించవచ్చు. కానీ ఏ పరీక్షను నమ్మాలన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ముఖద్వారం మీద కణాలను గీకి తీసి గాజు పలక మీద పరిచి సూక్ష్మదర్శినిలో చూసే పాప్ స్మియర్ 1940ల నుంచీ వాడుకలో ఉంది. ఫిన్లాండ్ లాంటి దేశాలు 1960ల నుంచి దాన్ని ఊరూరా క్రమం తప్పకుండా చేయించి, ఈ క్యాన్సర్ మరణాలను నూటికి ఎనభై వంతులు తగ్గించాయి. అయితే ఆ తగ్గుదల ఎక్కువగా స్క్వామస్ రకంలోనే వచ్చింది. లోపలి దారిలో దాగి పుట్టే అడినోకార్సినోమా పాప్ స్మియర్‌కు అంత సులువుగా చిక్కలేదు.

ఈ రెండో రకాన్ని గుర్తుపట్టడం ఎంత కష్టమో 1951 నాటి ఒక ఉదంతం చెబుతుంది. అమెరికాలోని బాల్టిమోర్‌లో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి తల్లి ముఖద్వార కణితితో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి వచ్చింది. ఆమె వయసు 30 ఏళ్లు. కణితిని స్క్వామస్ రకంగా నమోదు చేశారు. ఆ ఏడాది అక్టోబరులోనే ఆమె చనిపోయింది. ఆమెకు చెప్పకుండా తీసుకున్న కణాలు ప్రయోగశాలల్లో హీలా కణాలన్న పేరుతో నేటికీ పెరుగుతూనే ఉన్నాయి. దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత పాత పలకలను తిరిగి చూసిన వైద్యులు అది నిజానికి అడినోకార్సినోమా అని తేల్చారు. ఆ కణాల్లో ఉన్నది 18వ రకం వైరస్ అని ఆ తర్వాత బయటపడింది. అడినో రకానికీ 18వ రకం వైరస్‌కూ గట్టి సంబంధం ఉందని ఇప్పుడు మనకు తెలుసు. కంటికి కనిపించే మార్పు కోసం కాకుండా నేరుగా వైరస్ కోసమే వెతికే హెచ్‌పీవీ పరీక్షకు ఈ తికమక తక్కువ. కణం ఏ పక్కదైనా వైరస్ ఒక్కటే కాబట్టి రెండు రకాల ముప్పునూ అది పట్టుకుంటుంది. యూరప్‌లో జరిగిన నాలుగు పెద్ద అధ్యయనాలను కలిపి 2014లో చూసినప్పుడు, లోతుకు పాకే క్యాన్సర్ రాకుండా కాపాడటంలో పాప్ స్మియర్ కన్నా హెచ్‌పీవీ పరీక్ష 60 నుంచి 70 శాతం మెరుగని తేలింది.

ఇప్పుడు ఈ జబ్బు ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ అన్నది చూద్దాం. ప్రపంచంలో ఈ క్యాన్సర్ మరణాల్లో 94 శాతం తక్కువ, మధ్యస్థ ఆదాయ దేశాల్లోనే. మన దేశంలోనూ తేడాలు తీవ్రంగా ఉన్నాయి. 2012 నుంచి 2016 దాకా క్యాన్సర్ రిజిస్ట్రీలు కూడబెట్టిన లెక్కల ప్రకారం అరుణాచల్ ప్రదేశ్‌లోని పాపుంపరె జిల్లాలో లక్ష మంది స్త్రీలకు ఏటా 27.7 మంది ఈ జబ్బున పడ్డారు. అక్కడికి పెద్ద దూరంలో లేని అస్సాంలోని డిబ్రూగఢ్‌లో అది అయిదు లోపే. మరోవైపు బెంగళూరు, చెన్నై, ముంబై రిజిస్ట్రీల్లో 1980ల నుంచి ఈ రేటు క్రమంగా తగ్గుతూ వచ్చింది. విశేషమేమిటంటే, ఆ నగరాల్లో అందరికీ అందే పరీక్షల పథకమేదీ లేకుండానే అది తగ్గింది. ఆడపిల్లల చదువు, ఆలస్యంగా పెళ్లి, తక్కువ కాన్పులు, మెరుగైన నీటి వసతి కలిసి చేసిన పని అది. ఇక్కడే మొదటి అభ్యంతరం వస్తుంది. దానంతటదే తగ్గుతున్న జబ్బు కోసం ఇంత హడావిడి అవసరమా అని. రేటు తగ్గుతున్న మాట నిజమే. కానీ జనాభా పెరుగుతోంది, ఆయుర్దాయం పెరుగుతోంది, ఈ క్యాన్సర్ ఎక్కువగా కనిపించే యాభైలు, అరవైలకు చేరుకునే స్త్రీలు ఏటేటా ఎక్కువవుతున్నారు. అందుకే రేటు దిగుతున్నా రోగుల సంఖ్య దిగడం లేదు. పైగా, మార్పు ఫలం ముందుగా అందేది చదువుకున్న పట్నపు స్త్రీకి. పదహారేళ్లకే పెళ్లయి ముప్పై లోపే ముగ్గురు పిల్లల తల్లయిన కూలి మనిషికి కాదు. ఆమె చావును ఆపడానికి అభివృద్ధి వచ్చేదాకా ఆగమంటే, ఒక తరాన్ని వదులుకోమన్నట్టే.

సరే, పేద దేశంలో పరీక్షలు పనిచేస్తాయా అన్నది రెండో ప్రశ్న. దీనికి జవాబు వేరే దేశం నుంచి తెచ్చుకోనక్కర్లేదు. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో 52 గ్రామ సముదాయాల్లో 30 నుంచి 59 ఏళ్ల వయసున్న 1,31,746 మంది స్త్రీలతో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. డాక్టర్ రంగస్వామి శంకరనారాయణన్ ఆధ్వర్యంలో జరిగిన ఆ పని ఫలితాలు 2009లో వెలువడ్డాయి. ఒక్కసారి, ఒకే ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసి, తేడా ఉన్నవారికి చికిత్స చేస్తే, ముదిరిన క్యాన్సర్లూ మరణాలూ రెండూ సుమారు సగానికి తగ్గాయి. పాప్ స్మియర్ ఒక్కసారి చేస్తే అంత ఫలితం రాలేదు. ముంబై మురికివాడల్లో టాటా మెమోరియల్ ఆసుపత్రి నడిపిన మరో అధ్యయనం ఇంకా చవకైన దారి చూపింది. ముఖద్వారం మీద వెనిగర్ లాంటి పలచని ఎసిటిక్ ఆమ్లాన్ని దూదితో అద్ది, ఒక్క నిమిషం ఆగి, మంచి వెలుతురులో చూడటమే ఆ పరీక్ష. మామూలు కణాలు గులాబీ రంగులోనే ఉంటాయి. చెడుతున్న కణాలున్న చోట తెల్లటి మచ్చ తేలుతుంది. పదో తరగతి చదివిన మహిళలకు శిక్షణనిచ్చి రెండేళ్లకోసారి నాలుగు విడతలు ఈ పరీక్ష చేయించారు. మరణాలు 31 శాతం తగ్గాయి.

ఈ ఆధారాల్లో లోపాలు ఎంచేవారూ ఉన్నారు. ఉస్మానాబాద్‌లో ఇదే వెనిగర్ పరీక్ష పెద్ద ప్రయోజనం చూపలేదు కదా, ముంబైలో ఎలా చూపిందని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఉస్మానాబాద్‌లో అది ఒక్కసారే చేశారు, ముంబైలో నాలుగుసార్లు చేశారు. అంటే వెనిగర్ పరీక్షను మళ్లీ మళ్లీ చేయాలి, చూసే కన్నుకు నిలకడగా తర్ఫీదు ఉండాలి. ముట్లుడిగిన స్త్రీలో కణాల సరిహద్దు లోపలికి పోతుంది కనుక యాభై దాటినవారిలో అది అంతగా పనికిరాదు. ఒక్కసారి మాత్రమే అవకాశమున్న చోట హెచ్‌పీవీ పరీక్షకు డబ్బు పెట్టడమే లాభమని దీని సారాంశం. మరో విమర్శ ఇంకా బరువైనది. పోల్చి చూడటం కోసం ఈ అధ్యయనాల్లో కొందరు స్త్రీలను పరీక్షలు లేకుండా ఉంచారు, ఆ గుంపులో మరణాలూ జరిగాయి. ఇది నీతిగా జరిగిందా అన్న చర్చ దేశవిదేశాల్లో నడిచింది. ఆ చర్చలో ఎవరు ఏ పక్షాన ఉన్నా ఒక మాట ఒప్పుకోక తప్పదు. అంత వెల చెల్లించి సంపాదించిన జ్ఞానాన్ని బీరువాలో పెట్టి తాళం వేయడం అన్నిటికన్నా పెద్ద అన్యాయం. మనం చేస్తున్నది అదే. 2016లోనే కేంద్రం 30 నుంచి 65 ఏళ్ల స్త్రీలకు అయిదేళ్లకోసారి వెనిగర్ పరీక్ష చేయాలని మార్గదర్శకాలిచ్చింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి, 30 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో జీవితంలో ఒక్కసారైనా పరీక్ష చేయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ఇద్దరు కూడా లేరు. తమిళనాడులో ఆ సంఖ్య పదికి దగ్గరగా ఉంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అయిదు దాటలేదు.

ఇక్కడ మన రాష్ట్రాలకే ప్రత్యేకమైన ఒక సంగతి చెప్పాలి. 2015–16 సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీసేయించుకున్నవారు దేశంలో నూటికి 3.2 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో మొదటి రెండు స్థానాలు మనవే. క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నవారి కన్నా గర్భసంచి పోగొట్టుకున్నవారి వాటా పెద్దదిగా ఉన్న నేల ఇది. ఇది ఎలా జరుగుతుందో పల్లెల్లో అందరికీ తెలుసు. తెల్లబట్ట అవుతోందనో నడుము నొప్పనో నెలసరి ఎక్కువగా అవుతోందనో ముప్పై, ముప్పై అయిదేళ్ల ఆమె ఆసుపత్రికి వెళ్తుంది. స్కానింగ్ తీస్తారు. ‘వాచింది, పుండు ఉంది, వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది, ఎలాగూ పిల్లలు పుట్టేశారు కదా, తీసేస్తే పోతుంది’ అంటారు. ఆ భయం ముందు ఏ కుటుంబమైనా అప్పు చేస్తుంది. గర్భసంచే లేకపోతే క్యాన్సర్ బెంగే ఉండదు కదా, ఆ ఆపరేషన్‌లో తప్పేముంది అనేవారికి జవాబు చెప్పాలి. ఒకటి, తెల్లబట్టకు ఎక్కువసార్లు కారణం మందులతో తగ్గే ఇన్ఫెక్షన్. స్కానింగ్‌లో ముఖద్వార క్యాన్సర్ తొలిదశ కనిపించదు, దానికి వేరే పరీక్ష ఉంది. రెండు, గర్భసంచితోపాటు అండాశయాలూ తీసేస్తే ముప్పై అయిదేళ్లకే ముట్లుడిగిన మనిషి అవుతుంది. ఎముకలు గుల్లబారతాయి, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుంది. అండాశయాలు ఉంచినా అవి త్వరగా అలసిపోయే అవకాశముంది. మూడోది అసలు ప్రమాదం. ముందు పరీక్ష చేయకుండా మామూలు పద్ధతిలో గర్భసంచి తీశాక, లోపల నిజంగానే క్యాన్సర్ ఉందని తేలితే, ఆ ఆపరేషన్ చాలదు. చుట్టూ ఉన్న కణజాలం, గ్రంథులు మిగిలిపోయి చికిత్స మరింత చిక్కుపడుతుంది. పుట్టిన క్యాన్సర్‌ను వదిలేసి, పుట్టని క్యాన్సర్‌కు కత్తి పెట్టే ఈ పద్ధతిని సుప్రీంకోర్టు కూడా గుర్తించింది. అనవసరపు ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది.

పరీక్షతో పాటు, ఈ వైరస్ సోకకుండా ఆపే టీకా కూడా ఉంది. ఆ సంగతి ఎత్తితే ఖమ్మం జిల్లా గుర్తుకు రాకుండా ఉండదు. 2009లో పాథ్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కలిసి భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14 వేల మందికి హెచ్‌పీవీ టీకా వేయించాయి. వారిలో చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. కొందరు బాలికలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం ఆగిపోయింది. ఆ మరణాల్లో చాలావాటికి నీట మునగడం, పురుగుమందు తాగడం వంటి వేరే కారణాలున్నాయని విచారణలో తేలింది. టీకాకూ వాటికీ సంబంధం కనిపించలేదు. కానీ తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సమ్మతి పత్రాల మీద సంతకాలు పెట్టారనీ, పిల్లలకు ఏమైనా అయితే గమనించే ఏర్పాటు సరిగా లేదనీ అదే విచారణలో బయటపడింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దాన్ని తీవ్రంగా ఎండగట్టింది. ఇందులో రెండు నిజాలున్నాయి, రెంటినీ కలిపి చూడాలి. టీకా ప్రాణాలు తీయలేదు. పేద పిల్లల మీద అడగకుండా ఏదైనా చేయవచ్చనుకున్న నిర్లక్ష్యం జనం నమ్మకాన్ని తీసేసింది. మొదటిది చెప్పి రెండోది దాచేవాళ్లు, రెండోది చెప్పి మొదటిది దాచేవాళ్లు ఇద్దరూ మన ఆడపిల్లలకు మేలు చేయలేరు.

ఆ కార్యక్రమం ఆగిపోవడం వల్లే ఒక అనుకోని ఫలితమూ దక్కింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మన దేశంలోనే వేరుగా నడుపుతున్న మరో అధ్యయనం రెండు మోతాదులకూ మూడు మోతాదులకూ తేడా చూడాలనుకుంది. ఖమ్మం గొడవతో అదీ నిలిచిపోయింది. ఫలితంగా దాదాపు అయిదు వేల మంది బాలికలకు ఒక్క మోతాదే అందింది. పదేళ్లపాటు వాళ్లను గమనించి 2021లో ప్రకటించినదేమిటంటే, 16, 18 రకాలు ఒంట్లో పాతుకుపోకుండా ఆ ఒక్క మోతాదు కూడా నూటికి 95 వంతులు కాపాడింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క మోతాదు చాలని చెప్పడానికి ఇది ఒక ముఖ్య ఆధారం. క్యాన్సర్‌ను నిజంగా ఆపుతుందా అన్న సందేహానికీ జవాబు వచ్చేసింది. స్వీడన్‌లో 17 ఏళ్ల లోపు టీకా పొందినవారిలో ఈ క్యాన్సర్ 88 శాతం తగ్గిందని 2020లో ప్రకటించారు. స్కాట్లాండ్‌లో 12, 13 ఏళ్లకే టీకా వేయించుకున్న తొలి తరంలో ఒక్క కేసూ నమోదు కాలేదని 2024లో వెల్లడించారు. ధనిక దేశాల మాట ఇక్కడెందుకు అంటారా, రువాండా 2011లోనే మొదలుపెట్టి పదిమందిలో తొమ్మిది మందికి పైగా ఆడపిల్లలకు అందించింది. మన దేశంలో సిక్కిం 2018లో బడుల ద్వారా ఆ పని చేసి చూపింది. పుణెలోని సీరం సంస్థ తయారుచేసిన సర్వావాక్‌కు 2022లో అనుమతి వచ్చాక దేశీయ టీకా కూడా మన చేతికి అందింది. అయితే టీకా వచ్చింది కదా పరీక్షలెందుకు అనకూడదు. వైరస్ సోకకముందే పనిచేసే ఆయుధమది. ఈనాడు పదేళ్లున్న పాపను కాపాడుతుంది గానీ, నలభై ఏళ్ల ఆమె తల్లిని కాపాడదు. తల్లికి మిగిలిన దారి పరీక్షే.

చివరి అభ్యంతరం ఎవరూ పైకి అనరు గానీ అన్నిటికన్నా బలమైనది. వైరస్ దాంపత్య సంబంధం వల్ల సోకుతుందని తెలిశాక, పరీక్షలో తేడా వస్తే నలుగురూ ఏమనుకుంటారు, ఇంట్లో ఏమనుమానిస్తారు అన్న జంకు. జీవితంలో ఒకే ఒక్క పురుషుణ్ణి ఎరిగిన స్త్రీకీ ఈ వైరస్ వస్తుంది, పురుషులు దాన్ని ఏ లక్షణమూ లేకుండా మోస్తారు, ఒంట్లో ఎన్నేళ్ల కిందట చేరిందో ఏ పరీక్షా చెప్పలేదు. కనుక హెచ్‌పీవీ ఉందన్న చీటీ ఎవరి నడవడికకూ సాక్ష్యం కాదు. ఈ మాట ఆశా కార్యకర్తలూ ఏఎన్‌ఎంలూ ఇంటి ఆడవాళ్లతో పాటు మగవాళ్లకూ చెప్పాలి. పరీక్ష బల్ల ఎక్కడానికి సిగ్గుపడేవారికి ఇప్పుడు మరో వెసులుబాటుంది. చిన్న బ్రష్‌తో తమ నమూనా తామే తీసుకుని ఇచ్చే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించింది. తేడా ఉందని తేలినా భయపడాల్సిన పనిలేదు. తొలిదశ మార్పులకు వేడి మొనను నిమిషం అటూ ఇటుగా ఆనించి కాల్చేయడమో, చెడిన ముక్కను సన్నని తీగతో కోసి తీయడమో చాలు. గర్భసంచి అలాగే ఉంటుంది, సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోవచ్చు. ముదిరాక వస్తే కరెంటు పెట్టడం, కీమో, నెలల తరబడి నగరంలో మకాం, కూలి నష్టం, అప్పు. అమెరికా లెక్కల్లో ముఖద్వారం దాటని దశలో పట్టుబడినవారిలో నూటికి 91 మంది అయిదేళ్లు బతుకుతుంటే, దూరపు అవయవాలకు పాకాక పట్టుబడినవారిలో బతికేది ఇరవై మంది లోపే. మన దగ్గర ఆసుపత్రికి చేరేవారిలో ఎక్కువమంది ముదిరిన దశలోనే వస్తున్నారు. పరీక్ష చేసి వదిలేసినా లాభం లేదన్న హెచ్చరికను మాత్రం నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ఫలితం ఆమె చేతికి అందాలి, తేడా ఉంటే చికిత్స జరిగేదాకా ఎవరో ఒకరు బాధ్యత తీసుకోవాలి. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2030 నాటికి మూడు లక్ష్యాలు కలిపి పెట్టింది. 15 ఏళ్లలోపు బాలికల్లో 90 శాతానికి టీకా, స్త్రీలలో 70 శాతానికి 35 ఏళ్లు వచ్చేలోగా ఒకసారి, 45 ఏళ్లు వచ్చేలోగా మరోసారి నమ్మకమైన పరీక్ష, జబ్బు తేలినవారిలో 90 శాతానికి చికిత్స. మూడింటిలో ఏ ఒక్కటి వదిలేసినా మిగతా రెండూ సగంలో ఆగిపోతాయి.

శ్రోతలారా, ఇంటికి తీసుకెళ్లదగ్గ మాటలు నాలుగు. ముప్పై దాటిన స్త్రీలు, ఏ ఇబ్బందీ లేకపోయినా, దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో ముఖద్వార క్యాన్సర్ పరీక్ష కావాలని అడగండి. వీలున్న చోట హెచ్‌పీవీ పరీక్షే అడగండి. కలయిక తర్వాత రక్తం కనిపించినా, ముట్లుడిగాక మళ్లీ రక్తపు చుక్క కనిపించినా, దుర్వాసనతో నీళ్లలా పోతున్నా ఒక్క వారం కూడా ఆలస్యం చేయకండి. గర్భసంచి తీసేయాలని ఎవరైనా అంటే, ముందు ముఖద్వార పరీక్ష చేశారా, బయాప్సీ చేశారా అని నిలదీసి, రెండో వైద్యుడి మాట కూడా వినండి. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలున్న తల్లిదండ్రులు టీకా గురించి అన్నీ అడిగి తెలుసుకుని, మీ సమ్మతితో, మీ సంతకంతో వేయించండి. పాలకులను కోరేది ఒక్కటే. గర్భసంచి ఆపరేషన్లకు ఖర్చవుతున్న డబ్బులో కొంత ఈ పరీక్షకు మళ్లించండి. జబ్బు మనకు పదిహేనేళ్లు ఇస్తోంది. అందులో ఒక్క పూట చాలు.